డోర్ సరిగా పడని మైక్రోవేవ్ ఓవెన్‌ని ఇంకా వాడొచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం. ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. ఎనిమిదేళ్ల కిందట మా అబ్బాయి హైదరాబాద్ నుంచి మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చిపెట్టాడు. ఇప్పుడు దాని డోర్ మామూలుగా వేస్తే పడదు. కింద నుంచి కాస్త పైకెత్తి గట్టిగా నొక్కాలి. రెండు నెలల కిందట ఫ్యూజు పోయింది. తెలిసిన మెకానిక్ వచ్చి కొత్తది వేస్తే మర్నాడే మళ్లీ పోయింది. అప్పుడాయన లోపల ఏదో డోర్ స్విచ్ పాడైందని, దాన్ని డైరెక్ట్ చేశానని, ఇక ఫ్యూజు పోదని చెప్పి వెళ్లాడు. నిజంగానే పోవడం లేదు. కానీ మధ్యలో డోర్ తెరిస్తే ఒక్కోసారి గాజు పళ్లెం తిరుగుతూనే ఉంటోంది. పోయిన వారం చేపల పులుసు వేడి చేస్తుంటే లోపల కుడి గోడ దగ్గర టపటపమని నిప్పురవ్వలు వచ్చాయి, మాడు వాసన కొట్టింది.

మావారేమో ‘వేడవుతోంది కదా, ఇంకేం కావాలి’ అంటారు. పక్కింటావిడ దాని రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందని, ఫోన్ లోపల పెట్టి రింగ్ చేసి చూడమని చెప్పింది. చూశాం, రింగయింది. మా అమ్మాయికి ఏడో నెల. సీమంతం చేసి ఇంటికి తెచ్చుకున్నాం. రోజూ ఆ ఓవెన్ ముందే నిలబడి పాలు వేడి చేసుకుంటుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, ఓవెన్ బాడీ ముట్టుకుంటే అప్పుడప్పుడూ చేతికి జివ్వుమంటుంది, అది మొదట్నుంచీ ఉన్నదే. దీన్ని వాడొచ్చా, మానెయ్యాలా?

ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: ముందు ప్లగ్గు తీసెయ్యండమ్మా. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే సాకెట్‌లోంచి బయటికి లాగండి. మిగతా జవాబు ఆ తర్వాత చదవండి. మీరు రాసిన స్థితిలో ఉన్న ఓవెన్‌ని ఇంకొక్కసారి కూడా వాడకూడదు. పాలు, కూరలు కొన్నాళ్లు గ్యాస్ పొయ్యి మీదే వేడి చేసుకోండి.

మీ ఉత్తరం నిండా రేడియేషన్ భయమే ఉంది. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు చివర్లో ‘అన్నట్టు’ అని మొదలుపెట్టి రాసిన వాక్యం. అందుకని ఆ జివ్వుమనడం సంగతే ముందు చెబుతాను.

ఓవెన్ బాడీ ఇనుప రేకు. లోపల ఎక్కడ కరెంటు లీకైనా అది మన చేతిలోంచి కాకుండా నేరుగా భూమిలోకి పోవడానికే మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను పెట్టారు. బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఆ దారి ఎక్కడో తెగిందన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నా ఇదే జరుగుతుంది. ఎర్తింగ్ లేకపోతే, ఓవెన్ లోపల ఏ లోపమూ లేకున్నా, కరెంటు వచ్చే చోట ఉండే ఫిల్టర్ వల్ల కూడా సన్నగా జివ్వుమంటుంది. మొదట్నుంచీ ఉన్నదే అన్నారు కాబట్టి మీ ఇంట్లో మొదట జరిగింది అదే అయ్యుండొచ్చు. కానీ ఇప్పుడు లోపల ఒకరు విప్పి బిగించారు. వైర్లు కదిలాయి. ఈ జివ్వు ఆ పాతదేనో, కొత్తగా ఇంకేదైనా తగులుతోందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

మిక్సీ షాక్ కొట్టడం వేరు, ఓవెన్ షాక్ కొట్టడం వేరు. ఇంటికొచ్చే 230 వోల్టుల కరెంటును ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 2000 వోల్టుల దాకా పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని ఇంచుమించు 4000 వోల్టులకు తీసుకెళ్లి, మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కి ఇస్తాయి. మామూలు ఓవెన్లలో ఆ హై వోల్టేజీ వలయంలో ఒక కొసను బాడీ రేకుకే బిగిస్తారు. బాడీ ఎప్పుడూ భూమికి కలిసే ఉంటుందన్న నమ్మకంతో తయారైన వస్తువు అది. ఎర్తింగ్ లేని ఇంట్లో ఆ నమ్మకానికి ఆధారం లేదు. తడి చేత్తో, ఉత్త కాళ్లతో వంటింట్లో నిలబడి ఆ డోర్‌ని పైకెత్తి నొక్కుతున్నారంటే నాకు రేడియేషన్ కంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

ఓవెన్ సంగతి ఎటు తేలినా మీ ఇంటి ఎర్తింగ్ మాత్రం వెంటనే చూపించండి. సముద్రపు ఉప్పుగాలికి, ఉప్పు నేలకు ఎర్త్ పైపు, దాని మీది క్లాంపు, వైరు జాయింటు తొందరగా తుప్పు పడతాయి. పైన వైరు కనబడుతూనే ఉంటుంది, కింద పైపుకు మాత్రం కలిసి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ వస్తోందో లేదో మీటర్ పెట్టి చూడమనండి. టెస్టర్ బల్బు వెలిగిందా లేదా అన్నది ఇక్కడ సరిపోదు. మీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, తడి చేత్తో వాడే గ్రైండర్ అన్నీ ఆ ఒక్క ఎర్త్ మీదే ఆధారపడ్డాయి. వీలుంటే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. కరెంటు మనిషిలోంచి భూమిలోకి పోతున్నట్టు తెలియగానే సెకనులో చిన్న భాగంలోనే సప్లై ఆపేస్తుంది. బిడ్డ పుట్టబోతున్న ఇంటికి ఇంతకంటే అవసరమైన ఖర్చు నాకు తోచడం లేదు.

ఇక డోర్ సంగతి. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెకానిక్ చేసిన పని ఎంత పెద్ద తప్పో మీవారికి అర్థం కావాలి.

మైక్రోవేవ్ అంటే 2450 మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగం. దాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఓవెన్ లోపలి గది చుట్టూ లోహపు గోడలుంటాయి కాబట్టి ఆ తరంగాలు లోపలే తిరుగుతూ పదార్థాన్ని వేడి చేస్తాయి. డోర్ అద్దం వెనక కనిపించే చిల్లుల రేకు కూడా గోడతో సమానమే. చిల్లులు ఒకటి రెండు మిల్లీమీటర్లు, తరంగం 12 సెంటీమీటర్లు. జల్లెడలోంచి పిండి దిగినట్టు వెలుతురు దిగుతుంది కానీ ఈ తరంగం దిగదు. చిక్కంతా డోర్ అంచు దగ్గరే. డోర్‌కీ ఫ్రేముకీ మధ్య సన్న సందు ఎలాగూ ఉంటుంది. ఆ సందులోంచి తరంగం బయటపడకుండా డోర్ అంచు లోపల ప్లాస్టిక్ కప్పు వెనక ఒక గాడి ఉంటుంది. తరంగం పొడవులో నాలుగో వంతు లెక్కన, అంటే సుమారు 3 సెంటీమీటర్ల లోతున, ఆ గాడిని తయారు చేస్తారు. సందులోకి వచ్చిన తరంగాన్ని అది వెనక్కి తిప్పుతుంది. డోర్ తిన్నగా, అన్ని వైపులా సమంగా ఆనుకుంటేనే అది సరిగా పనిచేస్తుంది. మీ డోర్‌ని కింద నుంచి ఎత్తాల్సి వస్తోందంటే కీలు జారింది, లేదా హుక్ అరిగింది. పైన ఆనుకుని కింద ఆనుకోవడం లేదో, ఒక మూల ఎడంగా ఉంటోందో. ఎంత లీకవుతోందో కంటికి కనపడదు. డోర్ గట్టిగా పడకపోయినా, వంగినా, దెబ్బతిన్నా ఓవెన్ వాడొద్దని అమెరికాలో వీటి ప్రమాణాలు చూసే ఎఫ్‌డీఏ చెప్పే మాటలో మినహాయింపులేమీ లేవు.

డోర్ హుక్కులు పోయి పడే చోట లోపల చిన్న చిన్న మైక్రో స్విచ్‌లుంటాయి. సాధారణంగా మూడు. డోర్ తెరవగానే మొదటి రెండూ విడివిడిగా కరెంటు కోసేయాలి. ఒకటి పాడైనా రెండోది కాపాడాలని రెండు పెట్టారు. మూడోదాని పని ఇంకా ముఖ్యం. అది కాపలా స్విచ్. డోర్ తెరిచినా ముందున్న స్విచ్‌లు అతుక్కుపోయి కరెంటు ఆపకపోతే, ఈ మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు ఎగరగొడుతుంది. డోర్ తెరిచి ఉండగా మాగ్నెట్రాన్ పనిచేయకూడదు, దానికంటే ఓవెన్ చచ్చి పడి ఉండటమే మేలు అని ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగింది చూడండి. ఫ్యూజు పోయింది, కొత్తది వేస్తే మర్నాడే మళ్లీ పోయింది. ఓవెన్‌లో ఫ్యూజు ఇలా వెంట వెంటనే పోవడానికి కారణాలు రెండు మూడున్నాయి. కెపాసిటర్ షార్టవడం ఒకటి. కానీ మీ డోర్ జారి ఉంది, మెకానిక్ కూడా డోర్ స్విచ్ పోయిందనే చెప్పాడు. అంటే ఆ కాపలా స్విచ్ తన పని తాను సరిగ్గా చేసింది. ‘ముందున్న స్విచ్ అతుక్కుపోయింది, నన్ను వాడొద్దు’ అని ఓవెన్ రెండుసార్లు చెప్పింది. ఆయన ఆ స్విచ్ మార్చకుండా తీగలు కలిపేసి డైరెక్ట్ చేశాడు. ఫ్యూజు పోవడం ఆగింది కాబట్టి కాపలా స్విచ్‌ని కూడా పీకేసి ఉంటాడని నా అనుమానం. డోర్ తెరిచినా పళ్లెం తిరుగుతోందని మీరు రాసింది దానికి తగ్గట్టే ఉంది.

పళ్లెం తిరుగుతున్నంత మాత్రాన మాగ్నెట్రాన్ కూడా నడుస్తోందని చెప్పలేం. రెండో స్విచ్ ఇంకా బాగుండి దాన్ని ఆపుతూ ఉండొచ్చు. డోర్ తీయగానే లైటు వెలగడం, వంట అయ్యాక ఫ్యాన్ కాసేపు తిరగడం చాలా ఓవెన్లలో మామూలే. కానీ డోర్ తెరిచి ఉండగా పళ్లెం తిరగడం మామూలు కాదు. ఉన్న ఆ ఒక్క స్విచ్ కూడా ఏదో ఒక రోజు అతుక్కుంటే, తెరిచిన డోర్ ముందు వందల వాట్ల తరంగం బయటికి వస్తుంది. అప్పుడు ఫ్యూజు పోదు. శబ్దంలో తేడా ఉండదు. తెలుసుకోవడానికి మళ్లీ తెరిచి చూద్దాం అనుకోవద్దు, దయచేసి.

మెకానిక్‌ని నేను తిట్టడం లేదు. మోటారు స్విచ్ పోతే డైరెక్ట్ చేసి ఆ పూటకి నీళ్లు ఎక్కించుకోవడం మన ఊళ్లలో అలవాటు, అక్కడ దానివల్ల పని జరుగుతుంది కూడా. ఓవెన్ డోర్ స్విచ్ అలాంటిది కాదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టేవాళ్లకీ ఇదే చెబుతాను. ఓవెన్‌లో డైరెక్ట్ చేయదగ్గ స్విచ్ ఒక్కటీ లేదు.

మీవారు ‘వేడవుతోంది కదా’ అనడంలో తప్పు లేదు. పనిచేసే వస్తువుని పారేయాలంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ వేడవుతోందంటే మాగ్నెట్రాన్ బాగుందనే అర్థం. డోర్ బాగుందా, ఎర్త్ ఉందా అన్నవాటికి అది జవాబు కాదు. పైగా డోర్ పాడైన ఓవెన్‌లో మాగ్నెట్రాన్ ఎంత బాగుంటే ప్రమాదం అంత ఎక్కువ.

మీ అమ్మాయి విషయం. ఇప్పటిదాకా జరిగినదాని గురించి బెంగపడొద్దు. ఎక్స్‌రే లాంటి కిరణాలు శరీరంలోని అణువుల్ని విడగొట్టగలవు, అందుకే గర్భిణులకు వాటితో జాగ్రత్త చెబుతారు. మైక్రోవేవ్‌కి అంత శక్తి లేదు. అది వేడి చేస్తుంది, అంతే. పదార్థంలో మిగిలిపోదు, ఒంట్లో పేరుకోదు. ఓవెన్ ఆగిన క్షణమే తరంగం కూడా ఉండదు. వేడి చేసిన పాలల్లో రేడియేషన్ ఉండే ప్రశ్నే లేదు. క్యాన్సర్ అన్న మాట పక్కింటావిడ ప్రేమతోనే అన్నా, ఓవెన్‌లోంచి వచ్చే ఈ కాస్త లీకేజీకి అది వర్తించదు. బలంగా, దగ్గరగా తగిలితే జరిగే హాని వేడి వల్లనే. చర్మం కాలొచ్చు. కంటి లెన్స్‌కి రక్తప్రసరణ లేదు కాబట్టి వేడిని తొందరగా వదిలించుకోలేదు, శుక్లం వచ్చే ప్రమాదం ఉంటుంది. డోర్ దగ్గర ముఖం పెట్టి లోపలికి చూడొద్దనేది అందుకే.

ఎంత లీకేజీ దాకా ఫరవాలేదనే దానికి లెక్క ఉంది. ఓవెన్ బయటి వైపు ఎక్కడైనా సరే, దాని నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదు. అమెరికాలో 1971 అక్టోబరు తర్వాత తయారైన ఓవెన్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. మన దగ్గర గృహోపకరణాల ప్రమాణం ఐఎస్ 302లో మైక్రోవేవ్ ఓవెన్లకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. హాని చేసే స్థాయికి చాలా కిందనే ఈ గీత గీశారు. పైగా దూరం పెరిగేకొద్దీ ఇది చాలా వేగంగా తగ్గిపోతుంది. రెండు అంగుళాల దగ్గర ఉన్నది ఇరవై అంగుళాల దగ్గరికి వచ్చేసరికి సుమారు నూరో వంతు. మీ అమ్మాయి మూరెడు దూరంలో నిలబడి ఉంటే, డోర్ అంచు నుంచి కొంత లీకైనా ఆమెకు తగిలింది బహుశా చాలా తక్కువ. అయినా మనసులో పెట్టుకుని నలగడం దేనికి, ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పి ఆవిడ నోటే ధైర్యం చెప్పించుకోండి. బిడ్డ పుట్టాక కొత్త ఓవెన్ ఉన్నా సరే, సీసా పాలు మాత్రం అందులో వేడి చేయొద్దు. సీసా పైకి గోరువెచ్చగానే ఉంటుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

ఫోన్ పరీక్షకి అర్థం లేదు. దూరంలో ఉన్న టవర్ నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టుకునేలా ఫోన్ తయారైంది. దాని తరంగాలు ఓవెన్ తరంగం కాదు, వేరే ఫ్రీక్వెన్సీలవి. కొత్త ఓవెన్‌లో పెట్టినా చాలాసార్లు రింగవుతుంది. రింగయితే లీకున్నట్టు కాదు, రింగవకపోతే బాగున్నట్టూ కాదు. డోర్‌లో కాగితం పెట్టి లాగి చూడటం కూడా అంతే. ఫోన్ లోపల పెట్టి పొరపాటున ఓవెన్ ఆన్ చేస్తే మాత్రం ఫోన్ అంటుకుంటుంది. లీకేజీ తెలియాలంటే దానికని ఉన్న మీటరే కావాలి. లోపల 275 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి ఓవెన్ నడుపుతూ డోర్ అంచుల వెంబడి ఆ మీటర్‌ని తిప్పి కొలుస్తారు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే డిటెక్టర్లను నమ్మలేం. నిప్పురవ్వలు వచ్చిన ఓవెన్‌లోనైతే ఈ పరీక్ష కూడా ఆ రిపేరు అయ్యాకే.

ఆ నిప్పురవ్వల సంగతికొస్తే, మీరు రాసిన వాటిలో ఇదొక్కటే తేలిగ్గా బాగయ్యేది కావచ్చు. కుడి గోడ మీద అట్టలా బూడిద రంగులో ఉన్న పలక మైకా షీట్. మాగ్నెట్రాన్ నుంచి తరంగం లోపలికి వచ్చే దారికి అది మూత. చేపల పులుసు మూత లేకుండా పెడితే నూనె తేలిన చిక్కటి పులుసు చిట్లి వెళ్లి దాని మీద పడుతుంది. తుడవకపోతే ఆ జిడ్డు మాడి బొగ్గవుతుంది. బొగ్గు దగ్గర తరంగం నిప్పురవ్వ అవుతుంది. పలక నల్లబడి ఉంటే, చిల్లి పడి ఉంటే అదే కారణం. ఆ పలక ఖరీదు చాలా తక్కువ, పెద్ద షీట్ కొని కొలత ప్రకారం కత్తిరించి కూడా వేస్తారు. అది తీసేసి ఖాళీగా నడపకూడదు, బదులుగా అట్టముక్క పెట్టకూడదు. ఓవెన్ చల్లారాక తడిగుడ్డతో రోజూ ఆ పలకను తుడుచుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

రెండో కారణం తుప్పు. సముద్రం దగ్గరి ఇళ్లలో ఇది ఎక్కువ. లోపలి పెయింట్ పెచ్చు లేచిన చోట, పళ్లెం కింద, మూలల్లో ఎర్రగా తుప్పు కనిపిస్తే అక్కడా నిప్పురవ్వలు వస్తాయి. గోరంత పెచ్చయితే మైక్రోవేవ్‌కని అమ్మే పెయింట్‌తో సరిచేయొచ్చు. రేకు గుంట పడినా, చిల్లి పడినా, డోర్ ఫ్రేము అంచున తుప్పు పట్టినా ఇక రిపేరు అనుకోవద్దు. స్టీలు గిన్నె, జరీ అంచున్న కప్పు, గ్రిల్‌కి వాడే స్టాండు మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో పెట్టినా రవ్వలు లేస్తాయి, కానీ అవి తీసేస్తే ఆగిపోతాయి. ఎప్పుడైనా లోపల మంట కనబడితే డోర్ తీయొద్దు. గోడ దగ్గర స్విచ్ ఆపేయండి, మూసి ఉన్న డోర్‌ని అలాగే వదిలేయండి. గాలి అందక మంట అదే పోతుంది.

ఇప్పుడు బాగు చేయించాలా, వదిలించుకోవాలా? నా సలహా వదిలించుకోమనే. కీలో హుక్కో పోయింది, స్విచ్‌లు పోయాయి, మైకా షీట్ పోయింది, ఎనిమిదేళ్ల ఉప్పుగాలి తిన్నది, పైగా లోపల ఏం కలిపారో ఏం పీకారో తెలియదు. ఒక్క డోర్ స్విచ్ పాడైన ఓవెన్ అయితే మార్పించుకోమనేవాణ్ణి, స్విచ్ చాలా చవక. మీది ఆ దశ దాటింది.

అయినా మీవారు ఒకసారి చూపిద్దామంటే, ఒంగోలులో ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. ఇదివరకు మెకానిక్ స్విచ్ డైరెక్ట్ చేశాడని దాచకుండా చెప్పండి. మూడు డోర్ స్విచ్‌లూ కొత్తవి, కంపెనీవే వేయాలి. హుక్, కీలు మార్చాలి. మైకా షీట్ మార్చాలి. చివర్లో లీకేజీ మీటర్‌తో కొలిచి ఆ అంకె బిల్లు మీద రాసివ్వాలి. మీటర్ లేదన్నా, అంకె రాసి ఇవ్వలేమన్నా అక్కడ డబ్బు పెట్టొద్దు.

మీవారు గానీ, చేతి పని తెలిసిన కుర్రాడెవరైనా గానీ దాని స్క్రూలు విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండొచ్చు. దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ ఉంటుంది కానీ అది పాడై ఉంటే ఎవరికీ తెలియదు. టీవీలు, ఫ్యాన్లు బాగుచేసేవాళ్లు కూడా ఓవెన్ దగ్గర ప్రాణాలు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇతర పాఠకులు కూడా ఇలాంటివే అడుగుతున్నారు కాబట్టి నాలుగు మాటలు. ఎవరూ మీట నొక్కకుండానే ఓవెన్ దానంతటదే ఆన్ అవుతుంటే వెంటనే ప్లగ్గు తీయాలి. తేమకు మీటల పలక పాడవుతుంది, లోపల కరెంటు కలిపే రిలే అతుక్కుంటుంది, వెచ్చదనానికి చేరిన బల్లులు బోర్డు మీద షార్టవుతాయి. ఖాళీ ఓవెన్ రాత్రంతా నడిస్తే ఇల్లే అంటుకోవచ్చు. బుర్రుమని పెద్ద మోత వస్తూ వేడెక్కకపోతే డయోడో, కెపాసిటరో, మాగ్నెట్రానో పోయినట్టు. దానివల్ల రేడియేషన్ భయం లేదు కానీ ఆపి చూపించాలి. వేడి తగ్గిందన్న అనుమానం ఉంటే, ఓవెన్‌కి పనికొచ్చే గాజు గిన్నెలో పావు లీటరు నీళ్లు, అందులో ఒక చెక్క గరిటె వేసి ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టండి. 800 వాట్ల ఓవెన్ అయితే నీళ్లు ఇంచుమించు మరుగుకు రావాలి. గరిటె ఎందుకంటే, ఉత్త నీళ్లు కదలకుండా మరుగు దాటి వేడెక్కి, కదపగానే ఒక్కసారిగా మీదికి చిమ్మే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష డోర్ బాగున్న ఓవెన్‌కి మాత్రమే. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా వేడి తగ్గుతుంది, అది ఓవెన్ తప్పు కాదు. రోజూ అలాగే ఉంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

కొత్తది కొనేటప్పుడు వెనక స్టిక్కర్ మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూడండి. 2012లో వచ్చిన ఉత్తర్వుతో మైక్రోవేవ్ ఓవెన్లకు అది తప్పనిసరి అయింది. సముద్రం వైపు కిటికీ కింద పెట్టొద్దు. వాడాక ఆవిరి ఆరేదాకా డోర్ కాస్త తెరిచి ఉంచండి. ఆ డోర్ మీద తువ్వాలు వేలాడదీయొద్దు, బరువుకి కీలు జారతాయి. కేకుల్లాంటివి కూడా కాల్చే కన్వెక్షన్ రకం రెండు వేల వాట్లు దాటి లాగుతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కాకుండా గోడలోని పవర్ సాకెట్‌కే, అదీ ఎర్త్ సరిచేయించాక, పెట్టండి.

పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చినా, పాత సామాన్లవాళ్లకి వేసినా ముందు వైరును ప్లగ్గు దగ్గర కత్తిరించేసి, ‘డోర్ స్విచ్ డైరెక్ట్ చేసి ఉంది, వాడొద్దు’ అని కాగితం మీద రాసి డోర్‌కి అంటించి ఇవ్వండి. ఇంకొకరు దాన్ని కొని వంటింట్లో పెట్టుకోకుండా ఉంటారు.